చేనుగట్టున పురుగూ పుట్రా

గుంటూరు దగ్గరి పెదకాకాని చుట్టుపక్కల పాములుండేది చేలల్లో, కాలవగట్ల మీద, ఇళ్ళ పెరళ్ళలో. ఒకవైపు కృష్ణా పడమటి డెల్టా మాగాణి, మరోవైపు గుంటూరు దాటాక ప్రకాశం జిల్లా దాకా పరుచుకున్న పత్తి, మిర్చి మెట్ట. ఈ రెంటిలోనూ ఎలుకకు తిండికి కొదవ లేదు, ఎలుక ఉన్నచోట పాముకూ కొదవ ఉండదు. నల్లరేగడి వేసవిలో మూరల లోతున నెర్రెలు విచ్చుతుంది. పాముకు ఆ నెర్రె కట్టిపెట్టిన ఇల్లు లాంటిది. తొలకరి పడి నెర్రెలు పూడుకుపోగానే లోపలున్నవి గట్లకీ, గడ్డివాముల్లోకీ, కొట్టాల్లోకీ చేరతాయి. ఏరువాక మొదలై రైతు చేలోకి దిగేదీ అప్పుడే. చీకటిపడ్డాక పాము పేరు నోట పలకడానికి కూడా జంకి ‘పురుగు ముట్టింది’ అనే అలవాటు, పొలం బయలుదేరే మనిషిని ‘పురుగూ పుట్రా ఉంటాయి, లైటు తీసుకెళ్ళు’ అని హెచ్చరించే అలవాటు ఈ నేల మీద ఊరికే పుట్టలేదు.

ఇక్కడ కంటబడే పాముల్లో ఎక్కువ భాగం మనిషికి ప్రాణాపాయం లేనివే. జెర్రిపోతు, నీరుకట్టు పాము, పసరిక పాము, రెండుతలల పామని పిలిచే పూడుపాము అలాంటివి. ప్రాణం తీసేవి ప్రధానంగా నాలుగు: తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. దేశమంతటా పాముకాటు మరణాల్లో అత్యధిక భాగం ఈ నాలుగింటి వల్లే జరుగుతున్నాయి, విరుగుడు మందు తయారయ్యేదీ వీటి విషానికే.

తాచును గుర్తుపట్టని తెలుగువాడు ఉండడు. పడగ విప్పి, బుసకొట్టి, తప్పుకోవడానికి మనిషికి ఒక అవకాశం ఇస్తుంది. కాటుపడిన చోట వాపు, నొప్పి, తర్వాత కండ కుళ్ళడం కనిపిస్తాయి. విషం నరాలకెక్కితే కనురెప్పలు వాలి, మాట ముద్దగా మారి, చివరికి ఊపిరి అందదు. రక్తపింజర లావుగా, మందంగా ఉంటుంది. వీపు మీద గొలుసులా మూడు వరసల గోధుమరంగు మచ్చలు. అడుగుల చప్పుడుకు పారిపోకుండా ఉన్నచోటే చుట్టచుట్టుకుని ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు గట్టిగా బుసకొడుతుంది. ఎండుటాకుల మీద, కలుపుగడ్డిలో దాని రంగు ఇట్టే కలిసిపోతుంది కనుక కాలు దాని మీదే పడుతుంది. దీని విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది. చిగుళ్ళ నుంచి రక్తం, మూత్రంలో రక్తం, ఆపైన మూత్రపిండాల వైఫల్యం. చిన్నపింజర రెండడుగులైనా ఉండదు. పల్నాడు, ప్రకాశం వైపు రాళ్ళనేలల్లో, కంపల్లో ఎక్కువ. కదిలిస్తే పొలుసులు ఒకదానికొకటి రాసి రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది.

కట్లపాము సంగతి వేరు, ఈ నాలుగింటిలో దాని గురించే ఎక్కువ చెప్పుకోవాలి. నిగనిగలాడే నల్లని ఒంటి మీద సన్నని తెల్లని కట్లు, చాలావాటికి జంటలు జంటలుగా ఉంటాయి. పగలు దాని జాడ ఉండదు, ఉన్నా మందకొడిగా పడివుంటుంది. రాత్రి మాత్రం ఎలుకల కోసం, తోటి పాముల కోసం ఇళ్ళల్లోకి వస్తుంది. నేల మీద చాప పరుచుకుని పడుకున్నవారు నిద్రలో పక్కకు తిరిగినప్పుడు కాటువేస్తుంది. దాని కోరలు చాలా చిన్నవి. నొప్పి ఉండదు, వాపు రాదు, గాటు కూడా చాలాసార్లు కనబడదు. చీమో దోమో కుట్టిందనుకుని మళ్ళీ పడుకుంటారు. తెల్లవారుజామున కడుపులో నొప్పి, వాంతి, గొంతు పట్టేసినట్టుండటం, రెప్పలు తెరవలేకపోవడం మొదలవుతాయి. అజీర్ణమని సోడా తాగించేవారూ, పక్షవాతమని కంగారుపడేవారూ ఉన్నారు. వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి, ముఖ్యంగా పిల్లలు, తెల్లవారేసరికి కడుపునొప్పితో రెప్పలు వాలుస్తుంటే ఒంటి మీద గాటు కనిపించకపోయినా కట్లపాము కాటేనని అనుమానించి ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. ఈ ఒక్క మాట ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

ఈ పాములను ఆధునిక శాస్త్రానికి పరిచయం చేసిన పని తెలుగు తీరంలోనే జరిగింది. స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780ల్లో విశాఖపట్నం వచ్చి, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా కోరమండల్ తీరపు పాములను సేకరించి, కుక్కల మీద, కోళ్ళ మీద విషాన్ని పరీక్షించి 1796లో పెద్ద సచిత్ర గ్రంథం వెలువరించాడు. పాములకు అతను రాసిన పేర్లు స్థానికుల నోట విన్నవే. రక్తపింజరకు ‘కాటుక రేకుల పొడ’ అని రాశాడు. పొడ అంటే మచ్చ. ఆ మచ్చలకు అంతకన్నా చక్కని వర్ణన ఏ శాస్త్రగ్రంథంలోనూ దొరకదు. ఆ పాము ఇప్పుడు ప్రపంచమంతటా రస్సెల్ పేరుతోనే చెలామణి అవుతోంది. కట్లపాముల ప్రజాతికి స్థిరపడిన ‘బంగారస్’ అన్న శాస్త్రీయ నామం మాత్రం అతని గ్రంథంలోని ‘బంగారం పాము’ నుంచి, అంటే మన బంగారం నుంచి, వచ్చింది.

2020లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58 వేలు. వారిలో దాదాపు సగం మంది 30 నుంచి 69 ఏళ్ళ మధ్యవారు, పావు వంతు పదిహేనేళ్ళలోపు పిల్లలు. మరణాల్లో 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ ఆ ఎనిమిదింటిలో ఒకటి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మరణాలు ఎక్కువ.

గుంటూరు మైదానంలో ఆ ప్రమాదం వ్యవసాయ పనుల వెంటే నడుస్తుంది. తొలకరిలో నాట్లు, విత్తులు, ఆపైన కలుపు తీత. ఒట్టి కాళ్ళతో, వంగి, ఆకుల కింద చేయి పెట్టి చేసే పనులివి. పత్తి ఎదిగి సాళ్ళు కమ్ముకున్నాక అడుగున నేల కనబడదు. కార్తీకంలో నాగులచవితికి పుట్టలో పాలుపోసే రోజులకు పత్తితీత సాగుతూ ఉంటుంది. ఆ తర్వాత మిర్చి కోతలు, కల్లాలు. కల్లంలో ఆరబోసిన కాయ మీద కప్పిన పట్టా కింద వెచ్చగా ఉంటుంది, తెల్లవారి దాన్ని లాగే చేతికి లోపల ఏముందో తెలియదు. కల్లం కాపలా మనిషి రాత్రంతా అక్కడే నేల మీద పడుకుంటాడు. మిర్చి కోతకు కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో వలస వచ్చే కూలీలు చేలపక్కన పట్టాల గుడిసెల్లో నెలల తరబడి ఉంటారు. వారికి మంచం ఉండదు, దీపం అంతంతమాత్రం, దగ్గరి ఆస్పత్రి ఎటో తెలియదు. పాముకాటు గురించి ఎంత చెప్పినా వీరి పడక నేల మీద నుంచి లేవనంతకాలం అసలు పని మిగిలే ఉంటుంది. పని చేయించుకునే రైతు నాలుగు మంచాలు, దోమతెరలు సమకూర్చడానికయ్యేది కోతకూలి ఖర్చులో లెక్కకు రానంత చిన్న మొత్తం.

నడకకు వెళ్ళేవారికీ ఈ సంగతులు అవసరమే. పెదకాకాని, నంబూరు మధ్య పొలాలు వెంచర్లుగా మారి, కొనుక్కుని వదిలేసిన ప్లాట్లలో సర్కారు తుమ్మ దట్టంగా పెరిగింది. వాటి పక్కరోడ్ల మీద, నాగార్జున విశ్వవిద్యాలయం పరిసరాల్లో పొద్దున్నే, చీకటి పడ్డాక నడిచేవారు ఎందరో. కొండవీడు ఎక్కేవారు రాళ్ళ సందుల్లో చేతులు పెట్టి పట్టు వెతుక్కుంటారు. నల్లమలలో శ్రీశైలానికి కాలినడకన వెళ్ళే భక్తులు అడవిలోనే పడుకుంటారు. దారి వదలకుండా నడవడం, దుంగ దాటేముందు దాని మీద అడుగుపెట్టి అవతల చూసుకోవడం, కనబడని చోట చేయి పెట్టకపోవడం, చీలమండ దాటే బూట్లు, మందపాటి ప్యాంటు, రాత్రి టార్చి: వీటితో ముప్పు చాలావరకు తప్పుతుంది. పాముకు బయటికి చెవులు లేవు, నేల అదురును బాగా పసిగడుతుంది. కర్రతో నేల తడుతూ నడిచే పాత అలవాటు మంచిదే. అయితే రక్తపింజర కదలకుండా ఉండిపోయే రకం కాబట్టి చప్పుడునే నమ్ముకోకూడదు, వెలుగు కావాలి. పాము ఎదురుపడితే ఆగి, మెల్లగా వెనక్కి తగ్గితే చాలు, అది వెంటపడదు. పగబట్టి వెతుక్కుంటూ వస్తుందన్నది కథల్లో మాట.

కాటుపడ్డాక మొదటి పది నిమిషాల్లో జరిగే పొరపాట్లే ఎక్కువ కీడు చేస్తాయి. కాటుకు పైన తాడుతో బిగించి కట్టడం వల్ల రక్తప్రసారం ఆగి అవయవం చచ్చుబడుతుంది. బ్లేడుతో కోస్తే, రక్తం గడ్డకట్టని పింజర కాటులో నెత్తురు ఆగదు. నోటితో పీల్చడం, పసర్లు పూయడం, ఐసు పెట్టడం, కరెంటు షాకివ్వడం, సారా పట్టడం ఇవేవీ విషాన్ని తీయలేవు. చేయాల్సింది కొద్దే. మనిషిని పడుకోబెట్టి ధైర్యం చెప్పాలి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కాలి నల్లతాడు తీసేయాలి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు చేతికో కాలికో కర్రబద్ద ఆనించి, వదులుగా గుడ్డచుట్టి కదలకుండా చేయాలి. నడిపించకూడదు. వాంతులవుతుంటే ఎడమపక్కకు తిప్పాలి. 108కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యేట్టుంటే దొరికిన బండిలో, బైకైతే ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని, బయలుదేరాలి. ఎవరైనా ముందే బిగించి కట్టివుంటే దాన్ని దారిలో ఒక్కసారిగా విప్పకుండా వైద్యుడికి వదిలేయాలి. పామును చంపి సంచిలో తీసుకెళ్ళక్కర్లేదు. వెతికేవాడికి రెండో కాటు పడుతుంది, తెగిన తల కూడా కొంతసేపు కాటేయగలదు. దూరం నుంచి సెల్‌ఫోన్లో ఫొటో దొరికితే మంచిది, లేకున్నా వైద్యం ఆగదు.

ఆస్ట్రేలియాలో కాటుపడిన అవయవం మొత్తానికి సాగేకట్టు గట్టిగా చుట్టే పద్ధతి ఉంది, 1970ల చివర అక్కడ రూపొందింది. నరాల మీద పనిచేసే అక్కడి పాముల విషానికి అది సరిపోయింది. కండను కుళ్ళబెట్టే మన పింజరల కాటుకు అదే కట్టు చేటు చేయవచ్చు కనుక ఇక్కడ సాధారణంగా సిఫారసు చేయరు. ఎన్నో విషసర్పాలున్న ఆ దేశంలో పాముకాటు చావులు ఏడాదికి రెండు మూడు. అక్కడివారి కాలికి బూటు, పడుకోవడానికి మంచం, పిలిస్తే అంబులెన్సు ఉంటాయి.

ఆస్పత్రిలో పాము పేరు తెలియకపోయినా రోగి లక్షణాలే దారి చూపుతాయి. శుభ్రమైన, పొడి గాజుగొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. వంచి చూసినప్పుడు గడ్డకట్టకుండా జారిపోతే పింజర విషం ఎక్కినట్టు లెక్క. ఇంత చవకైన పరీక్ష ఏ చిన్న ఆస్పత్రిలోనైనా సాధ్యం. విషమెక్కిందని తేలితే విరుగుడు ఇంజెక్షన్ సీసాలు సాధారణంగా పదితో మొదలుపెట్టి సెలైన్‌లో ఎక్కిస్తారు. పాము ఎక్కించిన విషం మనిషి వయసును బట్టి మారదు కాబట్టి పిల్లలకూ పెద్దల మోతాదే. మందు, విషం ఎక్కించిన గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. అందుకే కొందరికి దద్దుర్లు, రక్తపోటు పడిపోవడం వస్తాయి, దగ్గర ఎడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకుంటారు. ఆ గుర్రాలకిచ్చే విషంలో అధికభాగం 1978లో చెన్నై దగ్గర ఏర్పడిన ఇరుళర్ తెగ పాములుపట్టేవారి సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుంది కనుక ఏ ప్రాంతానికి ఆ ప్రాంతపు విషంతో మందు చేయాలన్న వాదన శాస్త్రజ్ఞుల్లో బలపడుతోంది.

విరుగుడు రక్తంలో తిరిగే విషాన్నే పట్టగలదు, అప్పటికే నరాన్నో మూత్రపిండాన్నో దెబ్బతీసిన విషాన్ని వెనక్కి లాగలేదు. అందుకే వేళ అంత ముఖ్యం. కట్లపాము కాటులో ఊపిరి ఆగే స్థితి వచ్చినా వెంటిలేటర్ మీద కొన్ని రోజులు నిలబెట్టగలిగితే మనిషి పూర్తిగా కోలుకుంటాడు. రక్తపింజర బాధితుల్లో కొందరికి డయాలసిస్ అవసరమవుతుంది. పెదకాకానికి గుంటూరు సర్వజనాసుపత్రి దగ్గరే. పల్నాడు, ప్రకాశం లోపలి పల్లెలకు ఆ వీలు లేదు, వారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మొదటి మోతాదు అందాలి.

ఆ వేళను తినేసేది తరచు మంత్రం. చాలా కాట్లలో పాము విషం లేనిదై ఉంటుంది, విషసర్పమైనా కొన్నిసార్లు విషం వదలకుండా కరుస్తుంది. అలా కాటుపడినవారంతా మంత్రం వేసినా వేయకున్నా బతికేవారే, పేరు మాత్రం మంత్రానికి వస్తుంది. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి అవనిగడ్డ ఆస్పత్రికి బాధితులు వరసకట్టినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడికి రాహుకేతు పూజల కోసం జనం వస్తూనే ఉంటారు. పూజతో ఎవరికీ పేచీ అక్కర్లేదు, కాటుపడిన మనిషిని ఆస్పత్రికి చేర్చాక దండం పెట్టుకోవచ్చు. పుట్టలో పోసిన పాలు పాముకు ఆహారం కావన్నది కూడా తెలిసి ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది, 2030 నాటికి మరణాలను, వైకల్యాలను సగానికి తగ్గించాలని 2019లో లక్ష్యం పెట్టింది. భారత ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ప్రతి కాటునూ ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా గుర్తించాలని ఆ ఏడాదే రాష్ట్రాలను కోరింది.

ఊళ్ళో చేయగలిగిన పనులు కొన్ని మిగిలాయి. మంచం మీద పడుకుని దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే కట్లపాము లోపలికి రాలేదు. నేపాల్ తెరాయిలో జరిగిన అధ్యయనంలో దోమతెర కాటును తగ్గించినట్టు తేలింది. పత్తికట్టె, పిడకలు, ఇటుకలు ఇంటి గోడకు ఆనించి పేర్చకూడదు. తలుపు కింది సందు మూయాలి. ఎలుక ఉన్నంతకాలం పాము వస్తుంది, పామును చంపితే ఎలుక పెరుగుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పామును చంపడం నేరం కూడా. ఇంట్లో దూరితే అటవీశాఖకు గానీ, పాములు పట్టడం తెలిసినవారికి గానీ కబురుపెట్టాలి. ఎలుకల సంగతి చూడటానికి కృష్ణా, గుంటూరు రైతులకు తరాలుగా యానాదులు ఉన్నారు. కుండలో గడ్డి మండించి కన్నంలోకి పొగ ఊది, గట్టు తవ్వి ఎలుకల్ని పట్టే వారికి ఏ కన్నంలో ఎలుక ఉందో, దేంట్లో పాము చేరిందో మట్టి చూసి చెప్పగల నేర్పు ఉంది. కొన్ని ఊళ్ళలో నాట్లకు ముందు రైతులు కలిసి ఎకరానికి ఇంతని కూలి మాట్లాడుకుని వారిచేత గట్లన్నీ తవ్విస్తారు.