అందరి మెదడూ ఒక్కతీరు ఉండదు

పెన్‌పహాడ్‌లో చదువుకునే రోజుల్లో జీవశాస్త్రం పరీక్షకు మెదడు బొమ్మ బట్టీపట్టి వేసేవాళ్లం. మెదడంటే అందరికీ అదే బొమ్మ అనుకున్నాం. మొన్న మా పెద్దమ్మకు తలలో కణితి ఉందన్నారు. "తల కోస్తే మాట పడిపోతది బిడ్డా, నేను పోను" అని కూర్చుంది. ఇంట్లో మొదట డిగ్రీ చదివింది మేమే కనుక అందరూ మమ్మల్నే అడిగారు. మాకు నోరు పెగల్లేదు. అప్పుడు చదివి తెలుసుకున్నవే ఇవి.

మెడలోంచి నాలుగు ధమనులు పైకెళ్లి మెదడు అడుగున ఉంగరంలా కలుస్తాయి. థామస్ విల్లిస్ 1664లో వర్ణించాడు గనుక దానికి ఆయన పేరే పెట్టారు. ఒక దారి మూసుకుపోయినా మరో దారిన రక్తం అందాలని ఈ ఏర్పాటు. మన చెరువు కాలువల్లాగే! కానీ చాలామందిలో ఈ ఉంగరం పుస్తకంలో ఉన్నంత నిండుగా ఉండదు. ఒక ముక్క సన్నగానో, అసలు లేకుండానో ఉంటుంది. అలాంటివారికి ఆపరేషన్‌లో ధమనిని కాసేపు బిగిస్తే ఆ పక్క మెదడుకు రక్తం అందకపోవచ్చు.

ఇంకా అరుదైనది ఒకటుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడే మాయమవాల్సిన ఒక రక్తనాళం నూటికి ఒక్కరికన్నా తక్కువమందిలో అలాగే మిగిలిపోతుంది. కొందరిలో అది పీయూష గ్రంథి పక్కనుంచే పోతుంది. ముక్కులోంచి ఆ గ్రంథికి ఆపరేషన్ చేసే డాక్టరు ముందే చూసుకోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందుగా స్కానింగులు, అవసరమైతే యాంజియోగ్రామ్ తీస్తారు. అవి దండగ ఖర్చని మేమూ అనుకున్నవాళ్లమే.

ఇక పెద్దమ్మ భయం సంగతి. కుడిచేతి వాటం వారిలో నూటికి 95 మందికి మాట కేంద్రం ఎడమ పక్కనే ఉంటుంది. ఎడమచేతి వాటం వారిలో ఆ లెక్క 70 దాకానే. పైగా ఆ పక్కన కూడా సరిగ్గా ఏ చోట అన్నది మనిషి మనిషికీ మారుతుంది. కాబట్టి కొందరికి మెలకువగా ఉంచే ఆపరేషన్ చేస్తారు. మెదడుకు నొప్పి తెలియదు, పై చర్మానికి మత్తిస్తే చాలు. రోగి మాట్లాడుతుంటే చిన్న కరెంటుతో తాకి చూస్తారు. మాట ఆగిందా, ఆ చోటు ముట్టరు. 2022 ఆగస్టులో మన గాంధీ ఆసుపత్రిలో 60 ఏళ్ల ఒకామెకు చిరంజీవి 'అడవి దొంగ' చూపిస్తూ ఇలాగే కణితి తీశారు.

ఇదంతా చెబితే పెద్దమ్మ అడిగింది ఒక్కటే: "ఆరోగ్యశ్రీల అయితదా?" మెదడు ఆపరేషన్లు అందులో ఉన్నాయని చెప్పాం. బీరువాలోంచి కార్డు తీసి మా చేతికిచ్చింది.