డబ్ల్యూపీ ముక్కు

డబ్ల్యూపీ ఆవిరి ఇంజన్ ముక్కు గుండ్రంగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ రకం మొదటి ఇంజన్లు 1947లో అమెరికా బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చాయి. ఆ ఇంజన్ నమూనాను 87వ వంతు కొలతలో ఇత్తడితో చేస్తున్నాను. అసలు పరీక్ష ఆ ముక్కే.

అర మిల్లీమీటరు రేకును సుత్తితో వంచుతుంటే కాసేపటికే బిరుసెక్కుతుంది. పంతానికి పోయి ఇంకా కొడితే చీలుతుంది. అందుకే మధ్యమధ్య మసక ఎరుపు తేలేదాకా మంటమీద కాల్చి చల్లారనిస్తాను. మళ్ళీ చెప్పినట్టు వింటుంది. మన కంచరులకు ఇదేమీ కొత్త కాదు.

అతుకుల చిక్కు వేరు. ఇత్తడిలో వేడి చప్పున పాకుతుంది. ఇక్కడ అతికిస్తుంటే పక్కది ఊడుతుంది. కాబట్టి ముందు వెండి టంకం, ఆ తర్వాత తగరం 63 పాళ్ళు, సీసం 37 పాళ్ళు కలిసిన టంకం. రెండోది 183 డిగ్రీలకే కరుగుతుంది, మొదటి అతుకు చెక్కుచెదరదు. సన్నని గొట్టాలకు తడిగుడ్డ చుడితే ఇంకా మేలు.

రివెట్లు ఒక్కొక్కటే అతికించే మహానుభావులున్నారు. నాకంత ఓపిక లేదు. రేకు వంచకముందే వెనకనుంచి మొనతో నొక్కి బుడిపెలు తేలుస్తాను.

కొత్తవారు ఇంజన్ జోలికి పోకండి. ముందు ఒక గూడ్సు పెట్టె చేయండి, టంకం పెట్టేటప్పుడు కిటికీ తెరవండి.