కొండను కోస్తే కనిపించిన కాలం

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో సైడ్‌లింగ్ హిల్ అనే కొండ ఉంది. దానిపై పాత రోడ్డు ప్రమాదకరమైన మలుపులతో ఉండేది. అందుకని 1983-85 మధ్య కొండను దాదాపు 340 అడుగుల లోతున కోసి కొత్త రహదారి వేశారు. దారి కోసం కోస్తే, భూమి చరిత్రే బయటపడింది!

కోతకు రెండువైపులా ఇసుకరాయి, బురదరాయి పొరలు చారలు చారలుగా కనిపిస్తాయి. 30 కోట్ల ఏళ్లకు పూర్వమే పేరుకున్న ఒండ్రు అది. తర్వాత ఆఫ్రికా, ఉత్తర అమెరికా భూభాగాలు ఢీకొన్నప్పుడు ఆ పొరలు గిన్నెలా వంగాయి. విచిత్రమేమంటే, అప్పుడు పల్లంగా వంగిన భాగమే నేడు కొండ శిఖరం! చుట్టూ ఉన్న మెత్తని రాళ్లు అరిగిపోగా, గట్టి ఇసుకరాయి నిలిచింది.

1037లో మరణించిన ఇబ్నె సీనా పేరు వింటే మనకు వైద్యమే గుర్తొస్తుంది. కాని మట్టి పొరమీద పొర పేరుకొని, సుదీర్ఘకాలంలో రాయిగా మారి కొండలు ఏర్పడే తీరును కూడా ఆయన 'కితాబుష్ షిఫా'లో వివరించారు. ఐరోపాలో స్టెనో పొరల సూత్రాన్ని ప్రకటించింది 1669లో.

సోదరులారా! ఇబ్నె సీనా పేరు చెప్పుకొని గర్వపడితే చాలదు. రోడ్డు కోసం కొండ తొలిచిన చోటు కనిపిస్తే, ఏ పొర ముందుదో, ఏది తర్వాతదో మన పిల్లలను అడుగుదాం. ఆయనలా చూడటం నేర్పుదాం.