పాత కారుకు కొత్త పాట



మా ఇంట ఒక పాత మారుతీ 800 కారు ఉన్నది. మా నాన్నగారు దానిని 1998లో కొన్నారు. ఆ మోడలు కార్లు 1983 డిసెంబరులో మన దేశపు రోడ్ల మీదికి వచ్చాయి. 2014 జనవరిలో వాటి తయారీ ఆగిపోయింది. 15 సంవత్సరాలు నిండిన తరువాత 5 సంవత్సరాలకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొంటూ ఆ కారునే నేటికీ నడుపుకొంటున్నాము. క్రొత్తది కొనే స్థోమత లేక కొంత, దీనిని వదలలేక కొంత.

అందులో ఒక క్యాసెట్ ప్లేయరు ఉండేది. అది మూలబడి చాలా కాలమైంది. "నాన్నగారూ, ఫోనులోని పాటలు కారులో వచ్చేలా చేయించండి" అని పిల్లలు అడుగుతూ వచ్చారు. సరే, ఖర్చు ఎక్కువ కాదు గదా అని ఒక రోజు పట్నంలో రోడ్డు ప్రక్కనున్న ఒక దుకాణంలో బ్లూటూత్, పెన్‌డ్రైవ్ ఉన్న క్రొత్త ప్లేయరు పెట్టించాము. అరగంటలో పని అయిపోయింది. "పాతది ఇచ్చేయండి, రెండు వందలు తగ్గిస్తాను" అన్నాడు దుకాణదారుడు. మేము తల ఊపబోతుండగా మా ఇంటివారు అడ్డుపడి, "అది ఇవ్వకండి, అత్తయ్యగారి క్యాసెట్టు అందులోనే ఇరుక్కుని ఉన్నది" అన్నారు. ఆ పాత పెట్టెను గుడ్డలో చుట్టి వెనుక సీటు క్రింద పెట్టుకొని వచ్చాము.

మూడు వారాలు పాటలు బాగానే వినిపించాయి. ఒక రాత్రి రాజమండ్రిలో పెండ్లి చూచుకొని పిల్లలతో తిరిగి వస్తున్నాము. జొన్నాడ వంతెన దాటి రావులపాలెం సమీపించేసరికి ప్లాస్టిక్కు కాలిన వాసన. మరు నిమిషంలో డ్యాష్‌బోర్డు క్రింద నుండి పొగ. కారు ప్రక్కకు ఆపి, అందరినీ దింపి, తాళం తీసివేశాము. అయినను పొగ ఆగలేదు! బానెట్ ఎత్తి, పది నంబరు స్పానరుతో బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పిన తరువాతనే ఆగింది. ఆ స్పానరు కారులో ఉండబట్టి సరిపోయింది. లేనియెడల ఆ రాత్రి ఏమై ఉండేదో తలంచుకొంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

మరునాడు మా ఊరి పెద్ద ఎలక్ట్రీషియను వచ్చి చూచి తల పట్టుకున్నారు. "అయ్యగారండీ, ఇందులో ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టేశాడండి" అన్నారు. బ్యాటరీ నుండి వచ్చే వైరును ఇంజను వెనుక రేకుకున్న రంధ్రం గుండా, రబ్బరు వాషరైనా లేకుండా లోపలికి లాగారు. కారు కుదుపులకు రేకు అంచు ఆ వైరు తొడుగును కోసింది. లోపలి రాగి రేకుకు తగిలింది. ఫ్యూజు ఉంటే ఆ క్షణమే కాలిపోయి కరెంటు ఆపేది. లేదు గనుక వైరే కాలింది. నేరుగా బ్యాటరీ నుండి వచ్చే వైరు గనుకనే తాళం తీసినా పొగ ఆగలేదు.

మా వంటివారు చాలామంది పాత కార్లు వాడుకొంటున్నారు గనుక, ఆ పెద్దాయన దగ్గర కూర్చొని నేర్చుకొన్న సంగతులు మీతో పంచుకొంటున్నాము.

మార్చక తప్పదా?

పాత క్యాసెట్ ప్లేయరు ఇంకా తిరుగుతున్నట్లయితే దానిని తీయనవసరం లేదు. క్యాసెట్టు ఆకారంలోనే ఉండే అడాప్టరు దొరుకుతుంది. దానిని లోపల పెట్టి, దాని వైరును ఫోనుకు తగిలిస్తే ఫోనులోని పాట పాత ప్లేయరు గుండానే వస్తుంది. వైరు లేకుండా బ్లూటూత్‌తో పనిచేసేవి కూడా ఉన్నాయి. కారు రేడియోలో ఎఫ్.ఎమ్. ఉంటే, సిగరెట్ లైటరు సాకెట్‌లో పెట్టుకొనే చిన్న ట్రాన్స్‌మిటరు చాలు. ఏ స్టేషనూ రాని నంబరు చూచి రెండింటినీ ఆ నంబరు మీద పెట్టవలెను. ఈ రెండు పద్ధతులలోను ఒక్క వైరు కూడా కోయనవసరం లేదు.

డ్యాష్‌బోర్డును కోయవద్దు

ఒక వరుస ప్లేయర్లు దాదాపు లోకమంతటా ఒకే కొలతలో వస్తాయి. ముందు భాగం సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. దీనిని సింగిల్ డిన్ అంటారు. పెద్ద తెర ఉన్నవి దీనికి రెట్టింపు ఎత్తు. వాటిని పాత కారులో ఇరికించాలంటే డ్యాష్‌బోర్డు కోయవలసి వస్తుంది. ఒకసారి కోసినది తిరిగి రాదు. ఖాళీయే లేని మరీ పాత కార్లలో డ్యాష్‌బోర్డు క్రింద పట్టీతో బిగించుకొనుట మేలు.

మూడు వైర్లు తెలిసికొనండి

విడిగా కొనే ప్లేయర్లకు సాధారణంగా పసుపు, ఎరుపు, నలుపు వైర్లు ఉంటాయి. పసుపు వైరుకు ఎల్లప్పుడూ కరెంటు ఉండవలెను. గడియారం, స్టేషన్ల జ్ఞాపకం దానిమీదనే నిలుస్తాయి. ఎరుపు వైరుకు తాళం త్రిప్పినప్పుడే కరెంటు రావలెను. నలుపు వైరు కారు బాడీకి, రంగు గీకిన శుభ్రమైన ఇనుము మీద, గట్టిగా బిగించవలెను. ఎరుపు, పసుపు రెండూ కలిపి బ్యాటరీకి ఇస్తే, కారు ఆపినా ప్లేయరు ఆగక తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ కావచ్చును.

ఒక హెచ్చరిక. పూర్వపు బ్రిటిష్ కార్లు కొన్నిటిలో బ్యాటరీ ప్లస్ వైపును బాడీకి కలిపేవారు. కొన్ని పాత బండ్లలో బ్యాటరీ 12 కాక 6 వోల్టులే. అట్టి వాటిలో నేటి ప్లేయరును నేరుగా కలుపకూడదు. ముందు మీటరు పెట్టి చూపించండి.

ఫ్యూజు ఎవరిని కాపాడుతుంది?

ఫ్యూజు ప్లేయరును కాపాడుతుందని మేము అనుకొనేవారము. అది కాపాడేది ముఖ్యంగా వైరును, ఆ వైరు ప్రక్కన కూర్చున్న మనలను. గనుక బ్యాటరీ నుండి వైరు తీసినప్పుడు ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండవలెను. వైరు చివరన పెడితే మధ్యలో ఎక్కడ రాపిడి జరిగినా అది ఏమీ చేయలేదు. ప్లేయరు మీద 10 ఆంపియర్లని ఉంటే 10 పెట్టండి, అంతే. పదే పదే కాలుతుంటే పెద్దది పెట్టుట పరిష్కారం కాదు. ఎందుకు కాలుతున్నదో వెదకుట పరిష్కారం. రేకు గుండా వెళ్ళే ప్రతి వైరుకు రబ్బరు వాషరు ఉండవలెను.

పెట్టె మీది వాట్లు నమ్మకండి

నాలుగు స్పీకర్లకు 50 చొప్పున 200 వాట్లని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. లెక్క చూడండి. ఇంజను నడిచేటప్పుడు కారులో సుమారు 14 వోల్టులు. ఫ్యూజు 10 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 140 వాట్లు. లోపలికి 140 పోయి, బయటికి నిరంతరం 200 ఎట్లు వచ్చును? అది క్షణకాలపు లెక్క మాత్రమే.

స్పీకర్ల విషయంలో మరొకటి. పాత రేడియోలలో స్పీకరు ఒక వైరును కారు బాడీకి కలుపుట ఉండేది. నేటి ప్లేయర్లలో అట్లు చేయకూడదు. చేస్తే ప్లేయరు పాడుకావచ్చును. ఒక్కొక్క స్పీకరుకు రెండు వైర్లూ విడిగా ప్లేయరు వరకు రావలెను. ఇంజను వేగం పెంచినప్పుడు పాటతోపాటు సన్నని ఈల వినిపిస్తే, ముందుగా ఆ నలుపు వైరు బిగింపు చూడండి.

బండి కదలనప్పుడు

ఆపి ఉంచినను పసుపు వైరు కొంచెం కరెంటు త్రాగుతూనే ఉంటుంది. అది ఆంపియరులో నూరవ వంతే అనుకొన్నను, నెలకు సుమారు 7 ఆంపియర్-అవర్లు. 35 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీకి అది ఐదవ వంతు. వారాల తరబడి కారు తీయనప్పుడు ఆ ఫ్యూజును తీసి ఉంచుట మంచిది.

పెన్‌డ్రైవ్ పెడితే పాటలు రావడం లేదని పలువురు చెబుతుంటారు. చాలా ప్లేయర్లు ఫ్యాట్ 32 అనే పద్ధతిలో సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్‌నే చదువగలవు. 32 జి.బి. కంటె పెద్దవి తరచుగా వేరే పద్ధతిలో వస్తాయి. చిన్నది కొనుక్కొనుటే సులభం.

ఒక పేరు వెనుక కథ

బ్లూటూత్ అనే మాటకు నీలి పన్ను అని అర్థం. అది పదవ శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన హరాల్డ్ అనే రాజు మారుపేరు. యెల్లింగ్ అనే ఊరిలో ఆయన నిలిపిన రాతి మీద, తాను దేశాన్ని ఏకం చేసి డేనులను క్రైస్తవులుగా చేశానని చెక్కించాడు. వేరు వేరు యంత్రాలను కలిపే పద్ధతికి 1990లలో ఇంజనీర్లు ఆయన పేరు పెట్టారు. మన ఫోనులో కనిపించే ఆ గుర్తు ఆయన పేరులోని రెండు ప్రాచీన అక్షరాల కలయిక.

అయితే ఎంత వసతి ఉన్నను, నడిపేవారు ఫోను చేతబట్టి పాటలు వెదకరాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అది శిక్షార్హమైన నేరం. మా కారులో పాట మార్చే పని ప్రక్క సీటువారిది. వెనుక లారీ హారను వినబడనంత శబ్దమూ మాకు వద్దు.

ఆ పాత పెట్టె

పెద్దాయన వైర్లన్నీ క్రొత్తగా వేసి, ఫ్యూజు సరిగా పెట్టి, రెండు రోజుల తరువాత కారు అప్పగించారు. అప్పుడు మా ఇంటివారు గుడ్డలో చుట్టిన పాత ప్లేయరును ఆయన ముందు పెట్టారు. ఆయన మేకులు విప్పి, లోపల రబ్బరు బెల్టు జిగురైపోయి ఉండుట చూపించి, చక్రాలకు చుట్టుకొన్న టేపును పెన్సిలుతో మెల్లగా త్రిప్పుతూ క్యాసెట్టును బయటికి తీశారు. ఒక చోట టేపు ముడతపడింది గాని తెగలేదు.

అది మా అమ్మగారు 1999లో, క్రిస్మస్‌కు ముందు, ఇంట్లో పాడుతుండగా నాన్నగారు రికార్డు చేసినది. అమ్మగారు ఇప్పుడు లేరు. ఆమె స్వరం ఉన్న వస్తువు అదొక్కటే. రెండు వందల రూపాయలకు దానిని పాత ఇనుములో వేయబోయాము.

ఎరిగిన కుర్రవాడొకడు ఇంట్లోని టేప్ రికార్డరు ఇయర్‌ఫోను రంధ్రం నుండి కంప్యూటరుకు వైరు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ టేపును ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. మీ ఇండ్లలోను అట్టి క్యాసెట్లు ఉంటే ఆలస్యం చేయకండి; టేపు ఏటేటా పాడవుతూనే ఉంటుంది. ఎక్కించేముందు ఒకసారి చివరి వరకు త్రిప్పి వెనుకకు చుట్టండి. ఒకటి కాదు, రెండు మూడు చోట్ల నకళ్ళు ఉంచండి.

మొన్న ఆదివారం సాయంత్రం నాన్నగారిని ప్రక్క సీటులో కూర్చుండబెట్టుకొని కాలువ గట్టు మీదుగా వస్తూ ఆ పెన్‌డ్రైవ్ పెట్టాము. మధ్యలో పాట ఆపి, అమ్మగారు ఎవరినో "పొయ్యి మీద పాలు చూడమ్మా" అని కేక వేయడం వినిపించింది. పిల్లలు నవ్వారు. నాన్నగారు ఏమీ అనలేదు. ఇల్లు వచ్చిన తరువాత కూడా చాలాసేపు కారు దిగలేదు.

పాత కారుకు క్రొత్త ప్లేయరు పెట్టించుకొనుటలో తప్పేమీ లేదు. తొందరపడకండి, ఫ్యూజు దగ్గర డబ్బు మిగుల్చుకొనవద్దు, తీసివేసిన పాత పెట్టెను విప్పి చూడకుండా ఎవరికీ ఇవ్వకండి.