కట్టంగూర్ బోరు అడుగున బరువెంత?

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ రాకముందు కట్టంగూర్ తగుల్తుంది. వరి, పత్తి, అక్కడక్కడ బత్తాయి తోటలు. వానలు మొహం చాటేసిన ఏడాది ఈ నేల బతుకంతా బోరు మీదే.

బోరుబండి వచ్చిందంటే పక్క చేన్ల వాళ్లు కూడా గట్టు మీదికి చేరతారు. మొదట ఎర్రమన్ను, తర్వాత మొరం. గట్టిరాయి తగిలిన చోట కేసింగ్ పైపు ఆగిపోతుంది. అక్కణ్నుంచి లేచేదంతా తెల్లటి పొడి. పొడి తడిసి ముద్దగా వస్తే గ్యాపు, అంటే నీళ్లున్న పగులు, తగిలినట్టు; రాకపోతే ఇంకో రాడ్డు, ఇంకో రాడ్డు. అట్లా వెయ్యి ఫీట్ల దాకా పోయిన రైతులు తెలంగాణ మెట్ట ప్రాంతంలో ఎందరో.

ఆ వెయ్యి ఫీట్ల అడుగున భూమ్యాకర్షణ పైకన్నా ఎక్కువా, తక్కువా? తక్కువే అంటారు చాలామంది. భూకేంద్రంలో ఆకర్షణ సున్నా అని బడిలో చదువుకున్నాం కాబట్టి, దిగినకొద్దీ తగ్గుతూ పోవాలి కదా అనిపిస్తుంది. కేంద్రంలో సున్నా అన్న మాట నిజమే. కానీ కట్టంగూర్ బోరులో మాత్రం దిగినకొద్దీ పెరుగుతుంది.

ఎంత? వెయ్యి ఫీట్లంటే 305 మీటర్లు. ఇక్కడి గ్రానైట్ ఘన సెంటీమీటరుకు 2.67 గ్రాములు తూగుతుందనుకుని లెక్క వేస్తే, పైన స్ప్రింగు త్రాసు మీద 100 కిలోలు చూపిన వస్తువు అడుగున దాదాపు 2.6 గ్రాములు ఎక్కువ చూపుతుంది. లోలకం గడియారాన్ని అంత లోతున ఆడించగలిగితే రోజుకు సెకను పైచిలుకు ముందు నడుస్తుంది. మోటరు పైకి గుంజేవాళ్ల చేతులకు తెలిసే బరువు వేరు. అది పైపుది, పైపులో నిలిచిన నీళ్లది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 1854లో ఇంగ్లండులోని హార్టన్ బొగ్గుగనిలో ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ ఒక లోలకాన్ని పైన, ఇంకోదాన్ని సుమారు 383 మీటర్ల లోతున ఆడించి చూశాడు. అడుగున ఉన్నది రోజుకు రెండు సెకన్లకు పైగా ముందు నడిచింది.

కారణం న్యూటన్ 1687లోనే చెప్పాడు. భూమిని ఉల్లిగడ్డలా పొరలుగా ఊహించుకోండి. ఒక పొర దాటి లోపలికి దిగామంటే, ఆ పొర ఇక మనల్ని ఏ వైపూ లాగదు. నెత్తిమీది రాయి పైకి లాగేదీ, భూమికి అవతలి వైపున్న అదే పొర కిందికి లాగేదీ సరిగ్గా సరిపోతాయి. మన కింద మిగిలిన గోళమే లాగుతుంది. పైపొర లెక్కలోంచి పోయింది కాబట్టి ఆకర్షణ కొంత తగ్గాలి. కేంద్రానికి దగ్గరయ్యాం కాబట్టి కొంత పెరగాలి. ఏది నెగ్గుతుందో ఆ పొర సాంద్రతే తేలుస్తుంది. భూమి సగటు సాంద్రత ఘన సెంటీమీటరుకు 5.51 గ్రాములు. అందులో మూడింట రెండు వంతులు, అంటే 3.67 కన్నా పైపొర తేలికైతే దిగినకొద్దీ ఆకర్షణ పెరుగుతుంది. మన గ్రానైట్ అంతకన్నా చాలా తేలిక. భూమి బరువంతా అడుగునున్న ఇనుములో, దట్టమైన రాతిలో ఉంది.

అందుకే ఉపరితలం మీద 9.8 మీ/సె²గా ఉండే ఆకర్షణ, మధ్యలో స్వల్పంగా అటూ ఇటూ ఊగినా, 2,891 కిలోమీటర్ల లోతున ఇనుప గర్భం అంచుకు చేరేసరికి 10.7 దాకా పోతుంది. అసలైన తగ్గుదల అక్కణ్నుంచే. లోపలి ఘనగర్భం అంచున 4.4, నడిమధ్యన సున్నా.

చంద్రుడి మీద ఇదే బోరు వేస్తే కథ తిరగబడుతుంది. చంద్రుడి సగటు సాంద్రత 3.34, అందులో మూడింట రెండు వంతులు 2.23. నాసా గ్రెయిల్ జంట నౌకలు 2012లో కొలిచిన చంద్రుడి పైపొర సాంద్రత సుమారు 2.55. పొర ఈ 2.23 కన్నా బరువైంది కాబట్టి, అక్కడ తవ్వినకొద్దీ బరువు తగ్గుతుంది. రెండు నేలల్లోనూ రాయి సాంద్రత దగ్గరదగ్గరే. తేడా అంతా కింద దాగిన దాంట్లో ఉంది.

మళ్లీ మన బోరు దగ్గరికి వస్తే, ఆకర్షణ ఇంతగా కిందికి లాగుతున్నప్పుడు నీళ్లు కూడా వెయ్యి ఫీట్లకు దిగి ఉండవా అనే ఆశ రైతుకు సహజం. కానీ నీళ్లకు దారి కావాలి. పై నుంచి పడే రాతి భారం లోతున పగుళ్లను నొక్కేస్తుంది. రంగారెడ్డి జిల్లా మహేశ్వరం గ్రానైట్ నేలలో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి బోర్లను పరీక్షించారు. నీళ్లిచ్చే పగుళ్లు చాలామటుకు పై 40 మీటర్లలోనే, అంటే సుమారు 130 ఫీట్ల లోపే ఉన్నాయని వాళ్ల పరిశీలనల్లో తేలింది. కట్టంగూర్ ఉన్న రహదారి మీదే ఉన్న చౌటుప్పల్‌లోనూ ఎన్‌జీఆర్‌ఐకి బోర్ల ప్రయోగక్షేత్రం ఉంది. లోతున గ్యాపు తగిలే అదృష్టం అసలు లేదనను. కానీ ఎనిమిది వందల ఫీట్లు దాటినా పొడి తడవకపోతే, మిగిలిన రెండొందల ఫీట్లకు పెట్టే డబ్బు చెరువు పూడికతీతకో, చేను పక్కన ఇంకుడు గుంతకో పెడితే, వాన నీరు ఇంకేది ఆ పై పొరలోకే.