పెద్ద పూర్ణాంకాలు: స్ట్రింగు నుంచి సంఖ్యకు, సంఖ్య నుంచి స్ట్రింగుకు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- అంకెల స్ట్రింగును కంప్యూటరు సంఖ్యగా ఎలా మారుస్తుందో వివరించగలుగుతారు.
- సంఖ్య పరిమితి దాటడాన్ని ముందుగానే గుర్తించగలుగుతారు.
- పెద్ద సంఖ్యను లక్షలు, కోట్ల పద్ధతిలో తప్పు లేకుండా ముద్రించగలుగుతారు.

1. పరిచయం

మీరు బ్రూక్షాబాద్‌లో ఉంటూ, అక్కడి ఒక మత్స్యకార సంఘానికి సభ్యుల జాబితా తయారు చేస్తున్నారనుకుందాం. పేరు, బ్యాంకు ఖాతా సంఖ్య, రావలసిన డబ్బు కంప్యూటరులో ఎక్కించారు. పని పూర్తయింది. కాని ఒక సభ్యుని ఖాతా సంఖ్యలో చివరి అంకె సున్నా అయిపోయింది. మీరు సరిగ్గానే కొట్టారు, మరి తప్పు ఎక్కడ జరిగింది? ఆ డబ్బు ఆ సభ్యునికి చేరకపోవచ్చు. అందుకే ఈ విషయం మనం శ్రద్ధగా తెలుసుకోవాలి.

2. స్ట్రింగు సంఖ్యగా ఎలా మారుతుంది?

మీరు కీబోర్డుపై 744 అని కొడితే కంప్యూటరుకు అందేది మూడు అక్షరాలు మాత్రమే. అది ఇంకా సంఖ్య కాదు. ఆస్కీ పద్ధతిలో '0' కోడు 48, '7' కోడు 55. కోడు నుంచి 48 తీసివేస్తే అంకె విలువ వస్తుంది: 55 − 48 = 7.

తరువాత విలువను 0తో మొదలుపెట్టి, ప్రతి అంకెకూ ఈ సూత్రం వాడాలి:

కొత్త విలువ = పాత విలువ × 10 + అంకె

0 → 7 → 74 → 744. చూశారు కదా! చిన్నప్పుడు పలక మీద నేర్చుకున్న స్థాన విలువే ఇది.

గమనిక: తెలుగు అంకె '౭' యూనికోడ్ సంఖ్య 3181. దాని నుంచి 48 తీసివేస్తే 7 రాదు. తెలుగు సున్నా '౦' కోడు 3174ను తీసివేయాలి.

3. పాత్ర నిండితే?

32 బిట్ల పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ విలువ 2,14,74,83,647. మన పది అంకెల మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి కనుక ఇందులో పట్టవు. పన్నెండు అంకెల ఆధార్ అసలే పట్టదు. కుండ నిండాక పోసిన నీరు పొర్లిపోయినట్లు, పై బిట్లు పోతాయి. 4294967297ను 32 బిట్లలోకి కుదిస్తే మిగిలేది 1 మాత్రమే! 2014 డిసెంబరులో ఒక పాట వీక్షణలు ఈ గరిష్ఠ విలువను దాటినప్పుడు, లెక్కింపును 64 బిట్లకు మార్చినట్లు యూట్యూబ్ ప్రకటించింది.

పొర్లిన తరువాత పరీక్షిస్తే లాభం లేదు. గుణించక ముందే పరీక్షించాలి. గరిష్ఠ విలువ నుంచి రాబోయే అంకెను తీసివేసి, 10తో భాగించి, శేషం వదిలేయండి. పాత విలువ ఆ భాగఫలం కంటె ఎక్కువైతే అక్కడే ఆగి, తప్పు అని తెలపాలి.

ఉదాహరణ: పాత విలువ 214748364, రాబోయే అంకె 8. భాగఫలం 214748363. పాత విలువ ఎక్కువ కనుక ఆగాలి. రాబోయే అంకె 7 అయితే భాగఫలం 214748364. అప్పుడు ముందుకు వెళ్ళవచ్చు.

4. సంఖ్యను స్ట్రింగుగా ముద్రించడం

ఇది పై పనికి తిరగబడిన పని. 10తో భాగిస్తూ పోతే శేషాలు చివరి అంకె నుంచి వస్తాయి. వాటిని తిరగేసి రాయాలి. మన పద్ధతిలో కామాలు కావాలంటే మొదట 1000తో, ఆపై 100తో భాగించాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం భారత జనాభా 1210854977. శేషాలు వరుసగా 977, 54, 8, 21, చివరికి 1. వీటిని అలాగే కలిపితే 1,21,8,54,977 అని తప్పు వస్తుంది. మొదటి గుంపు తప్ప మిగిలినవాటిలో లోటును సున్నాతో నింపాలి. సరైన రూపం 1,21,08,54,977.

5. ఖాతా సంఖ్య ఎందుకు మారింది?

ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలనే కచ్చితంగా దాచుకుంటుంది. 1234567890123456 అని కొడితే 1234567890123450 అవుతుంది. ఖాతా సంఖ్య సున్నాతో మొదలైతే ఆ సున్నా కూడా పోతుంది.

ఒక ప్రశ్న వేసుకోండి: ఈ సంఖ్యను ఎప్పుడైనా కూడుతామా, గుణిస్తామా? డబ్బును కూడుతాం, కనుక అది సంఖ్య. ఇద్దరి ఖాతా సంఖ్యలను ఎవరూ కూడరు. అది అంకెలతో రాసిన పేరు. కాబట్టి దాన్ని స్ట్రింగుగానే ఉంచాలి. ఎక్సెల్‌లో అయితే అంకెలు కొట్టక ముందే ఆ గడిని 'టెక్స్ట్' రకంగా మార్చాలి. తరువాత మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 380581 అండమాన్ నికోబార్ దీవుల 2011 జనాభా. దీన్ని మన పద్ధతిలో కామాలతో రాయండి.
2. 32 బిట్ల పూర్ణాంకంలో పాత విలువ 300000000. తరువాతి అంకె 0ను చేర్చవచ్చా?
3. పిన్‌కోడును సంఖ్యగా దాచాలా, స్ట్రింగుగానా? ఎందుకు?

జవాబులు

1. 3,80,581.
2. చేర్చరాదు. భాగఫలం 214748364 కంటె పాత విలువ ఎక్కువ.
3. స్ట్రింగుగా. దానితో లెక్కలు చేయం.