మూలుగు నేర్పిన యంత్రం

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కొన్నిసార్లు డొక్కలెగరేస్తూ, ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా మూలుగుతుంది. గొంతును సగం మూసి, లోపలి గాలి మొత్తం బయటికి పోకుండా ఆ పసిప్రాణం చేసే ప్రయత్నమే ఆ మూలుగు.

ఊపిరితిత్తుల్లోని సూక్ష్మమైన వాయుగోణులు తలతన్యత వల్ల ముడుచుకుపోతుంటాయి. వాటిని తెరిచి ఉంచే సర్ఫాక్టెంట్ అనే పదార్థం గర్భంలో చివరి వారాల్లోనే సరిపడా తయారవుతుంది. అది చాలని బిడ్డకు ప్రతి శ్వాసా కొత్త బెలూన్‌ను మొదటిసారి ఊదినంత శ్రమ. ఈ జబ్బుకు మూలం ఇదేనని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ, జెరీ మీడ్ తేల్చారు. కారణం దొరికినా మందు దొరకలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు ప్యాట్రిక్ పుట్టిన 39 గంటలకే ఈ జబ్బుతో చనిపోయాడు.

గొంతులోకి గొట్టం వేస్తే బిడ్డ మూలగలేదు. అప్పుడు రక్తంలో ఆక్సిజన్ పడిపోవడం పరిశోధకులు గమనించారు. శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యుడు జార్జ్ గ్రెగరీ ఆ మూలుగు చేసే పనిని బయటినుంచి చేయించాడు. బిడ్డ తనంతట తానే శ్వాసిస్తుంది. యంత్రం ఎడతెగని స్వల్ప పీడనంతో వాయుగోణులను మూసుకుపోనివ్వదు. 1971లో ప్రకటించిన ఫలితాల్లో 20 మంది శిశువుల్లో 16 మంది బతికారు. ఈ పద్ధతే సీప్యాప్.

న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయ వైద్యుడు జెన్ టియెన్ వుంగ్ దీన్ని మరింత తేలిక చేశాడు. ముక్కులో చిన్న గొట్టాలు, గాలి బయటికి పోయే గొట్టం కొస నీళ్లలో. కొస 5 సెంటీమీటర్ల లోతున ఉంటే పీడనమూ దాదాపు 5 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. ఎక్కువైన గాలి బుడగలుగా పోతుంది. బుడగలు ఆగాయంటే ఎక్కడో గాలి కారుతోందని నర్సు ఇట్టే పసిగడుతుంది.

1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా సర్ఫాక్టెంట్‌నే మందుగా ఇచ్చి చూపించాడు. అయినా ఈ యంత్రం పని తీరిపోలేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వాళ్లు అక్వేరియం పంపులతో మొదలుపెట్టి, చవకైన బుడగల సీప్యాప్ తయారుచేశారు. మలావీలోని ఒక పెద్దాసుపత్రిలో దాన్ని వాడి చూశారు. ఉత్త ఆక్సిజన్ అందుకున్న శిశువుల్లో 44 శాతం బతికితే, దీనితో 71 శాతం బతికారని 2014లో వెల్లడైంది.

ఇంత తేలికైన సాధనాన్నీ గాలికి వదిలేయకూడదు. ఆక్సిజన్ మితిమీరితే నెలతక్కువ బిడ్డల కంటిచూపే పోవచ్చు. గొట్టాల ఒత్తిడికి ముక్కు పుండుపడవచ్చు. అందుకే ప్రసవాలు జరిగే ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ ఈ యంత్రంతోపాటు ఆక్సిజన్ పాళ్లు సరిచూసే పరికరం, రేయింబవళ్లు కనిపెట్టుకుని ఉండే తర్ఫీదైన నర్సు కూడా ఉండితీరాలి.